ఏసీ వేసిన ఆదివారం

ఆ ఆదివారం ఉదయం ఏడూ పదికి నేను పాలు కాచి, స్టవ్ కట్టేసి, కాఫీ కలుపుకున్నాను. పాలు పొంగిపోలేదు, విరగలేదు. ఆ రోజు మొత్తం మీద సవ్యంగా జరిగిన పని అదొక్కటే కాబట్టి ముందుగా రాసి పెడుతున్నాను. మధ్యాహ్నం అయ్యేసరికి నేను, నా ఆడపడుచు, మా కారు కొనడానికి వచ్చిన పెద్దమనిషి, ఆయన భార్య, నలుగురం చిలకలూరిపేట వెళ్ళే హైవే పక్కన నిలబడి వెక్కి వెక్కి ఏడుస్తున్నాం. దారిన పోయేవాళ్ళు బళ్ళు ఆపి మమ్మల్ని ఓదార్చారు. ఒకాయన సోడాలు ఇప్పించాడు. ఇదంతా నా వల్లే జరిగింది.

ఆ ఆదివారం గడిచి నాలుగేళ్ళయింది. మా ఆయన గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసేవారు. ఎప్పుడో ఒక పొగాకు వ్యాపారి వదిలించుకుంటున్న పాత జర్మనీ కారును ఆయన కొన్నారు. దాని పేరు చెప్పను, చెప్తే ఆ కంపెనీవాళ్ళు బాధపడతారు. మా వీధిలో అందరూ దాన్ని పెద్ద బండి అనేవారు. అది వస్తుంటే లారీలు కూడా పక్కకు తప్పుకునేవి. గౌరవం కొద్దీనో, దాని బ్రేకుల సంగతి తెలిసో చెప్పలేను. లోపల తోలు సీట్లు, తలుపులకు అద్దంలా మెరిసే చెక్క. అంతటి కారులో వెనక సీటు మీద ఆయన ఏం ఎక్కించుకు తిరిగేవారో తెలుసా? మిరపకాయలు. రైతుల దగ్గర చూసిన సరుకులోంచి మచ్చుకు తెచ్చిన సంచులు. ఏ మంత్రిగారో కూర్చోవలసిన చోట తేజ రకం ఎండుమిరపకాయలు దర్జాగా కూర్చుని ఊరు చూసేవి.

మే నెలలో కూడా ఆయన కారులో ఏసీ వేసేవారు కాదు. తన వైపు కిటికీ దించుకుని, మెడలో తువ్వాలు వేసుకుని, వడగాలి మింగుతూ నడిపేవారు.

"ఇంత కారు కొని ఏసీ వేయకపోతే ఎలాగండీ?" అనేదాన్ని.

"నీకు తెలీదులే" అనేవారు.

పిసినారితనం అనుకున్నాను. కాలేజీ లైబ్రరీలో ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తున్నదాన్ని, నాకు తెలియనిది ఒకటి ఉంటుందని ఎలా అనుకుంటాను?

తర్వాత ఆయన పోయారు. ఆస్పత్రిలో చివరి రోజుల్లో నన్నొకటి అడిగారు. "కారు మాత్రం తూకానికి అమ్మొద్దు. నడిపేవాడికి ఇవ్వు." ఇస్తానన్నాను. మా కాపురం మొత్తంలో ఆయన నన్ను అడిగినవి చాలా తక్కువ. ఇది చేసి తీరాలనుకున్నాను.

ఇంకొక్క మాట చెప్పి అసలు కథలోకి వస్తాను. ఆయన పోయినప్పుడు నేను ఏడవలేదు. రాలేదు, అంతే. నా వాటా కూడా కలిపి రాజ్యమే ఏడ్చింది. రాజ్యం అంటే మా ఆయన చెల్లెలు. మా పక్క వీధిలోనే ఉంటుంది. ఆవిడ మామూలుగా మాట్లాడితేనే వీధి చివర కొట్టువాడు "పిలిచారా అమ్మా?" అని తల బయటపెడతాడు. పదకొండో రోజున వచ్చినవాళ్ళందరి ముందూ అంది: "మా వదిన రాతి మనిషమ్మా. మా అన్నయ్య కోసం ఒక్క చుక్క రాల్చలేదు." అది నిజమే.

ఏడాది గడిచింది. మా కాలేజీవాళ్ళు నన్ను మంగళగిరి శాఖకు మార్చారు. గుంటూరులో అద్దె ఇల్లు నెలాఖరుకు ఖాళీ చేయాలి. మంగళగిరి ఫ్లాటు కింద ఆ కారు పట్టే చోటు లేదు. పట్టినా మిగతావాళ్ళ కార్లకు చోటుండదు. ఆ లోపల కొనేవాళ్ళు దొరక్కపోతే, రాజ్యం మొగుడు మాట్లాడి పెట్టిన పాత ఇనుము వ్యాపారి కాటాతో సహా వచ్చేస్తాడు. నేను కొంగు బిగించాను.

మొదట ఒక కుర్ర పళ్ళ డాక్టరు వచ్చాడు. కారు చుట్టూ తిరిగి మురిసిపోయాడు.

"ఇంజన్ ఎలా ఉందండీ?"

"పొద్దున్నే దగ్గుతుంది. దూరం వెళ్తే వేడెక్కుతుంది. వేడెక్కితే ఆగిపోతుంది" అన్నాను.

"ఆగిపోతే?"

"దిగి నిలబడాలి."

ఆయన అసలు ఎక్కకుండానే వెళ్ళిపోయాడు.

తర్వాత ప్లాట్లు అమ్మే ఆయన వచ్చాడు. "మాకు నడవక్కర్లేదు మేడం, వెంచర్ గేటు ముందు పూలదండేసి నిలబెడితే చాలు" అన్నాడు. నడిపేవాళ్ళకే ఇస్తానన్నాను. "డబ్బులిచ్చేవాళ్ళకి ఇవ్వరా?" అని కాసేపు నా మొహం కేసి చూసి, ఆయనా వెళ్ళిపోయాడు.

వరండాలో కూర్చుని ఇదంతా చూస్తున్న రాజ్యానికి ఒళ్ళు మండింది.

"వదినా, నువ్వు కారు అమ్ముతున్నావా, పంచనామా రాయిస్తున్నావా?"

"అడిగినదానికి చెప్పాను."

"అబద్ధం చెప్పమన్నానా? నోరు మూసుకోమంటున్నా. ఆదివారం ఒంగోలు నుంచి ఒకాయన వస్తున్నాడు. పెళ్ళిళ్ళకి పాత పెద్ద కార్లు అద్దెకిస్తాడంట. మొత్తం నేను మాట్లాడతా. నువ్వు పక్కన నిలబడి నవ్వు. నవ్వటం వచ్చా?"

"వచ్చు."

"ఏదీ, చూపించు." చూపించాను. "వద్దులే" అంది రాజ్యం. "ఊరికే నిలబడు."

మాట్లాడకూడదు సరే, పనయినా చేయాలి కదా. శనివారం కారు తలుపులు తెరిచి చూస్తే సీట్ల మీద, సందుల్లో, ఎక్కడ పడితే అక్కడ ఎర్రటి పొడి. ఏళ్ళ తరబడి రాలిన మిరప దుమ్ము. రాజ్యం ఇంట్లోంచి వాక్యూమ్ క్లీనర్ తెచ్చుకున్నాను. దానితో పాటు చిన్న పుస్తకం కూడా ఇచ్చింది. అచ్చు కనిపిస్తే బజ్జీల పొట్లం కాగితం కూడా చదవకుండా పారేయని నేను, ఆ పుస్తకాన్ని తెరవలేదు. యంత్రానికి ఒక రంధ్రం కనిపించింది, గొట్టం పట్టింది, తగిలించాను, మీట నొక్కాను.

ఏం చెప్పమంటారు! సీటు మీద గొట్టం పెడితే దుమ్ము మాయం. సందులో పెడితే సందులోది మాయం. ముందు ఏసీ గాలి వచ్చే చీలికల్లోకి గొట్టం దూర్చి మరీ పెట్టాను, అక్కడా మాయం. మధ్యలో చాలాసార్లు తుమ్మాను. శుభ్రం బాగా అవుతోందనడానికి గుర్తు అనుకున్నాను. మాయమైన దుమ్ము ఎటు పోతోందో కనుక్కోవాలని మాత్రం నాకు తోచలేదు.

ఆదివారం మస్తాన్ గారు భార్య జాన్‌బీతో వచ్చారు. ఆయన తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, చేతిలో తాళాల గుత్తి. ఆవిడ చేతిలో పెద్ద సంచి. నిర్ణయాలు ఆవిడవని కాసేపట్లోనే అర్థమైంది.

"మా అన్నయ్య దీన్ని పసిపిల్లలా చూసుకున్నాడండీ" అని మొదలుపెట్టింది రాజ్యం.

"అంటే ఎక్కేవారా, ఎత్తుకునేవారా?" అన్నారు మస్తాన్ గారు.

"మీరు భలేవారు! సీట్లు చూడండి. ఏసీ చూడండి, ఊటీయే. మా అన్నయ్య వాడనే లేదు, కొత్తది కొత్తగానే ఉంది."

జాన్‌బీ వెనక సీటు తట్టి చూసింది. "పెళ్ళికూతురు పట్టుచీరతో కూర్చుంటే జారిపోదు కదా?"

"జారదు" అంది రాజ్యం.

"మేడం గారు ఏం మాట్లాడరేంటి?"

"మా వదిన అంతేనండీ. మాటా రాదు, ఏడుపూ రాదు."

నేను నవ్వాను. మస్తాన్ గారు ఒక అడుగు వెనక్కి వేశారు.

నడిపి చూద్దామని బయల్దేరాం. ఆయన స్టీరింగ్ దగ్గర, పక్కన జాన్‌బీ, వెనక రాజ్యమూ నేనూ. కారు పొద్దున్నే దగ్గవలసిన దగ్గు దగ్గకుండా బుద్ధిగా నడిచింది. హైవే ఎక్కాం. ఎండ దంచేస్తోంది.

"ఏసీ వేయండి అన్నయ్యగారూ" అంది రాజ్యం. "ఫుల్లు పెట్టండి, మాకేం భయం?"

"నీకు తెలీదులే" అన్న మాట అప్పుడు నా చెవిలో వినపడింది. కానీ ఆయన వేలు అప్పటికే మీట మీద ఉంది.

ముందు చీలికల్లోంచి ఎవరో గొంతు సవరించుకున్నట్టు చప్పుడైంది. తర్వాత ఎర్రటి పొడి ఒక్క ఊపున బయటికి దూకింది. మస్తాన్ గారి తెల్ల చొక్కా గులాబీ రంగుకు తిరిగింది.

"ఏంటిదీ... హాచ్!"

"అమ్మో! కళ్ళు! కళ్ళండీ!"

"ఆపండి దాన్ని!"

"ఎక్కడ ఆపాలి? హాచ్! కిటికీ దించు జానూ!"

"మీట లేదిక్కడ!"

ఆ కారులో కిటికీల మీటలు తలుపులకు ఉండవు, గేరు పక్కన ఉంటాయి. ఆ సంగతి నాకు తెలుసు. అయితే నన్ను మాట్లాడవద్దన్నారు. సరే, ఆజ్ఞ మీరదామని నోరు తెరిచాను. తెరిచిన నోట్లోకి తేజ రకం వచ్చి పడింది. రాజ్యం ముందుకు వంగి, ఏసీ మీట దొరకబుచ్చుకుని, తిప్పకూడని వైపు తిప్పింది. గాలి ఇంకా పెరిగింది.

ఎలాగో బండి రోడ్డు పక్కకు ఆగింది. నాలుగు తలుపులూ తెరుచుకుని నలుగురం బయటపడి, ఎవరికి వాళ్ళం ఏడుపు అందుకున్నాం. అదే సమయానికి యార్డులో మా ఆయనతో పనిచేసిన వెంకట్రావు గారు స్కూటరు మీద పోతూ మమ్మల్ని చూశారు. గబగబా బండి ఆపి వచ్చారు.

"అయ్యో రాజ్యం! మళ్ళీ ఎవరమ్మా?"

రాజ్యానికి గొంతు పెగలక కారు వైపు చెయ్యి చూపించింది.

"బండిలోనే ఉన్నారా?" అంటూ ఆయన చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని, వెనక సీట్లోకి తొంగిచూశారు. చూసి ఆయనా తుమ్మారు. ఈలోగా మిరపకోతలకు వెళ్ళొస్తున్న ఆడవాళ్ళ ఆటో ఒకటి ఆగింది. అందులో ఒక ముసలామె, పోయింది ఎవరో కనుక్కోకుండానే నా పక్కన కూర్చుని రాగం ఎత్తింది. వెంకట్రావు గారు అందరికీ సోడాలు తెప్పించారు.

సోడాతో కళ్ళు కడుక్కున్నాక ఒక్కొక్కరూ తేరుకున్నారు. విషయం తెలిసి ముసలామె విసుక్కుంటూ ఆటో ఎక్కింది. మస్తాన్ గారు చొక్కా దులుపుకున్నారు. నాది మాత్రం ఆగలేదు.

"ఇంకాస్త నీళ్ళు కొట్టుకో వదినా, పోతుంది."

"పోవట్లేదు."

"ఇంకా మండుతోందా?"

"మండటం లేదు."

ఆ ఘాటు నాకు తెలుసు. సాయంత్రం ఆయన ఇంటికొచ్చి చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తే వంటింటి దాకా వచ్చే ఘాటు అది. ఏడాదిగా ఇంట్లో లేదు. రాజ్యం నా మొహం చూసింది. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడకుండా నా పక్కన కూర్చుంది. రాజ్యం మాట్లాడకుండా ఉండటం చూసింది నేనొక్కదాన్నే, చెప్తే ఇప్పటికీ ఎవరూ నమ్మరు.

మస్తాన్ గారు దగ్గరికొచ్చి మెల్లగా అన్నారు: "అమ్మా, అంత బాధగా ఉంటే అమ్మొద్దులెండి. ఉంచుకోండి."

నాకు కంగారు పుట్టింది. ఏడుస్తూనే లేచాను. "కాదు, మీరు కొనాలి. ఇంజన్ పొద్దున్నే దగ్గుతుంది. వేడెక్కితే ఆగుతుంది. వెనక కిటికీలు మీట నొక్కినా దిగవు. బ్రేకులు వేస్తే ఆలోచించుకుని పడతాయి. అయినా తూకానికి ఇవ్వను. నడుపుతారా, నడపరా? అది చెప్పండి!"

"వదినా!" అని రాజ్యం నెత్తి కొట్టుకుంది.

మస్తాన్ గారు భార్య కేసి చూశారు. ఎర్రబడ్డ ముక్కు తుడుచుకుంటూ జాన్‌బీ అంది: "కొనండి."

"ఏంటే, ఇంత జరిగాకా?"

"ఇంత జరిగింది కాబట్టే. ఇప్పటి పెళ్ళికూతుళ్ళు అప్పగింతలప్పుడు ఏడుస్తున్నారా? బుగ్గల రంగు పోతుందని ఒక్క చుక్క రాల్చట్లేదు. తల్లులేమో వీడియోలో ఏడుపు పడలేదని మన మీద గోల. ఈ బండిలో కూర్చోబెట్టి ఏసీ వేద్దాం. పెళ్ళికూతురేంటి, ఆమె అత్తగారు కూడా ఏడుస్తుంది."

ముందు రాజ్యం నవ్వింది. తర్వాత అందరం నవ్వాం. నేను రెండూ ఒకేసారి చేశాను.

ఆ వారంలోనే కారు ఒంగోలు వెళ్ళింది, తన చక్రాల మీదే. వాక్యూమ్ క్లీనర్ తీసుకుపోవడానికి వచ్చిన రాజ్యం గొట్టం కేసి చూసి ఆగిపోయింది.

"వదినా, దీన్ని ఎటు తగిలించావు?"

"రంధ్రానికి."

"ఇది ఊదే వైపు. పీల్చేది అటు. అంటే శనివారం అంతా కూర్చుని మిరప్పొడిని ఏసీలోకి కూరావన్నమాట!"

నేను నవ్వి చూపించాను. ఈసారి వద్దనలేదు.

మస్తాన్ గారు ఏసీ మొత్తం విప్పి కడిగించారట. అయినా ఎండాకాలం పెళ్ళిళ్ళలో ఇద్దరో ముగ్గురో పెళ్ళికూతుళ్ళు బ్రహ్మాండంగా ఏడ్చారని జాన్‌బీ ఫోన్ చేసి చెప్పింది. మొన్న కొత్తపట్నంలో ఒక పెళ్ళి ఊరేగింపులో మా కారు వెళ్తున్న ఫొటో పంపింది. దండల మధ్య దాని ముక్కు మాత్రమే కనిపిస్తోంది.

ఎండుమిరపకాయల సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ యంత్రాన్నీ దాని పుస్తకం చదవకుండా ముట్టుకోను. గాలి ఎటు పోతోందో చూసుకోకుండా ఏ గొట్టాన్నీ తగిలించను. ఎవరైనా "నీకు తెలీదులే" అంటే, ఏమిటో చెప్పేదాకా వదలను.

రాజ్యం ఇప్పుడు నన్ను రాతి మనిషి అనడం లేదు.