ముసలమ్మను చంపిన చేతులు

చావడంలో నాకు మంచి పేరుంది. గొప్పలు పోవడం కాదు, ఫిల్మ్ నగర్‌లో ఏ మేనేజర్‌నైనా అడగండి. తల్లి వేషానికో అత్త వేషానికో అయితే నలుగురి పేర్లు తిరగేస్తారు గానీ, చచ్చే ముసలమ్మ కావాలంటే మాత్రం ముందు ఫోన్ నాకే. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. నేను పుట్టి పెరిగింది మోతీనగర్. నోరు తెరిచానంటే మా యాస తన్నుకుని బయటికొస్తుంది. హీరోగారి తల్లి అలా మాట్లాడితే ఎలాగని డబ్బింగ్‌లో వేరే ఆవిడ గొంతు పెట్టేస్తారు. శవానికి ఆ తిప్పలు లేవు. పైగా నేను ఊపిరి బిగబట్టానంటే ముక్కు మీద ఈగ వాలినా కదలను.

ఈ వేషానికి మా దగ్గర ఒక ఆచారముంది. చచ్చిన షాట్ ఓకే అయ్యాక కూడా కెమెరా ఆపరు. పడి ఉన్న మనిషి లేచి కూర్చుని, కెమెరాలోకి చూసి, పళ్ళు కనబడేలా నవ్వాలి. అలా నవ్వకపోతే వేషం కట్టినవాళ్ళకు కీడంటారు. దేవుడూ లేడు దయ్యమూ లేదని లెక్చర్లిచ్చే కెమెరామన్ సైతం ఆ సమయానికి "అమ్మా, నవ్వు" అని గుర్తు చేస్తాడు. నేనూ ఏనాడూ ఎగ్గొట్టలేదు. నవ్వితే నా సొమ్మేం పోతుంది?

మా తమ్ముడికి ఈ సినిమా గొడవలేవీ పట్టవు. పట్టాళంలో హవల్దారుగా చేసి రిటైరయ్యాక, జూబ్లీ హిల్స్‌లో ఒక నిర్మాత బంగళాకు సెక్యూరిటీ సూపర్‌వైజర్‌గా కుదిరాడు. వాడూ, మరదలూ, వాళ్ళ బిడ్డా మా పక్క వీధిలోనే ఉంటారు. చిన్నప్పుడు వాడు వసపిట్ట, నోరు మూయించడానికి మా అమ్మ బెల్లం ముక్క పెట్టేది. పట్టాళం నుంచి వచ్చినవాడు మాత్రం వేరే మనిషి. అడిగినదానికి ఊ అంటాడు, లేదంటే ఊహూ అంటాడు. మూగనోము పట్టావురా అని ఎన్నిసార్లు తిట్టానో.

ఆ నిర్మాతే యుద్ధం సినిమా ఒకటి మొదలుపెట్టాడు. కృష్ణానగర్ నుంచి వచ్చిన జూనియర్ ఆర్టిస్టులు తుపాకీని చీపురుకట్ట పట్టినట్టు పడుతున్నారని, వాళ్ళకు నేర్పడానికి మా తమ్ముణ్ణి సెట్‌కు పంపాడు. ఆ సినిమాలో చచ్చే ముసలమ్మ ఎవరో వేరే చెప్పాలా?

సీను చిన్నదే. సరిహద్దు దగ్గర ఒక ఊరు. మన సైనికులు ఇల్లిల్లూ వెతుకుతుంటారు. ఒక తలుపు తెరుచుకుంటుంది, తుపాకీ పేలుతుంది, ముసలమ్మ పడిపోతుంది. హీరో వచ్చి ఆ శవం పక్కన కూలబడి ఏడుస్తాడు. అంతా బాగానే ఉంది గానీ, ఆ తూటా ఎవరిదన్న దగ్గర బండి ఆగిపోయింది. హీరోది అనుకుంటే అభిమానులు థియేటర్లు తగలబెడతారట. శత్రువుది అనుకుంటే హీరో అంతలా కుమిలిపోవడం దేనికని డైరెక్టర్ ఒప్పుకోలేదు. పోనీ పక్కనున్న చెడ్డ ఆఫీసర్‌కు అంటగడదామంటే, ఆ వేషగాడు నా ఖాతాలో ఇప్పటికే చాలా పాపాలున్నాయండీ అని దండం పెట్టేశాడు. నేను చావడానికి మేకప్ వేసుకుని సిద్ధంగా కూర్చున్నాను, చంపేవాడే దొరకడం లేదు. సెట్ మీద అందరమూ పడీ పడీ నవ్వుకున్నాం.

చివరికి డైరెక్టర్ ఒక ఉపాయం చెప్పాడు. కాల్చినవాడి మొహం చూపించొద్దు, తుపాకీ మీద చేతులు మాత్రం దగ్గరగా చూపిద్దాం, మన సైనికుల్లోనే ఎవడో ఒకడని జనం అనుకుంటారు. జూనియర్ ఆర్టిస్టుల చేతులు పెట్టి చూశారు, కుదరలేదు. అప్పుడు మా తమ్ముణ్ణి పిలిచారు. వీడు పారిపోతాడనుకున్నాను. వీడేమో నిదానంగా వచ్చి నిలబడి, డైరెక్టర్‌తో ఒక మాటన్నాడు. స్క్రిప్టులో ముసలమ్మ చేతిలో ఊతకర్ర ఉండాలని రాసుకున్నారు, అది తుపాకీలా కనబడి సైనికుడు పొరబడతాడన్నమాట. "కట్టె వద్దు సార్. నీళ్ల చెంబు పెట్టుండ్రి" అన్నాడు. ఎందుకని డైరెక్టర్ అడిగితే బదులు చెప్పలేదు. చెంబు దొర్లితే చప్పుడు బాగుంటుందని డైరెక్టరే కారణం వెతుక్కుని సంబరపడ్డాడు.

చెంబు పట్టుకుని తలుపు తీశాను. తుపాకీ పేలింది. పడ్డాను. ఒక్క టేక్‌లో ఓకే. చప్పట్లు కొట్టారు. "అమ్మా, నవ్వు" అన్నాడు కెమెరామన్. ఒంటి నిండా ఎర్రరంగుతో లేచి కూర్చుని, కెమెరాలోకి చూసి ఇకిలించాను. పక్కకు తిరిగితే తమ్ముడు నన్నే చూస్తున్నాడు. వాడి మొహం పాలిపోయి ఉంది. తుపాకీ పక్కవాడి చేతిలో పెట్టి బయటికి నడిచాడు.

నేను ఆ రంగుతోనే వెనక పరుగెత్తాను. సెట్ వెనక ప్లైవుడ్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఏమైందిరా, ఎండదెబ్బ గాని కొట్టిందా అని అడిగాను. అప్పుడు చెప్పాడు. పట్టాళంలో ఉండగా తెల్లవారుజామున ఒక ఊరు వెతకడానికి వెళ్ళారట. తలుపు సందులో చెయ్యి కదలగానే వీడు కాల్చాడట. ఆమెకు మా అమ్మ వయసుంటుందట.

"చేతుల నీళ్ల చెంబుండె అక్కా. మాకు తెస్తున్నదో, ఆమె తాగనీకి తెచ్చుకున్నదో తెల్వది."

ఎవరైనా అనే మాటే నేనూ అన్నాను. ఆర్డర్ ఇచ్చినవాళ్ళది తప్పు, నీదేముందిరా, నువ్వు కాల్చకపోతే లోపలున్నవాడు నిన్ను కాల్చేవాడేమో అన్నాను. వాడు తల అడ్డంగా ఊపాడు.

"ఆర్డర్ ఊరు ఎతకమని. కాల్చింది నేను. విచారణల నాది తప్పు కాదన్నరు, మా సాబ్ కాదన్నడు, తోటోళ్లు కాదన్నరు. అన్నోళ్లల్ల ఆమె మనిషి ఒక్కడు లేడు."

ఇది మరదలికి తెలియదు, బిడ్డకు తెలియదు. నోటితో చెప్పడం చేతకావడం లేదన్నాడు. సినిమా వచ్చాక వాళ్ళను తీసుకుపోయి ఆ చేతులు చూపించి, ఇవి నావే, ఇట్లా నిజంగానే జరిగింది అని చెబుతాడట. తర్వాత వాళ్ళేమనుకుంటే అది. మూగనోము అని తిట్టిన నోరు నాదే మరి.

ఆ రోజు నుంచీ వాడికి ఒకటే బెంగ, సినిమాలో తన చేతులు ఉంటాయా ఉండవా అని. ఎప్పుడూ ఎవరినీ ఏదీ అడగనివాడు వెళ్ళి డైరెక్టర్‌ను అడిగాడు. ఆయన వీడి భుజం తట్టి "మీ చేతులే హైలైట్ అండీ" అన్నాడు. మావాళ్ళు హైలైట్ అన్నారంటే నేను భయపడతాను. ఈ నగరంలో ఎంతమంది హైలైట్లు ఎడిటింగ్‌లో కొట్టుకుపోయారో నాకు తెలుసు. అందుకని నేనూ డైరెక్టర్ కనబడ్డ చోటల్లా వెంటపడ్డాను. ఎక్కడికి పోతాయమ్మా ఆ చేతులు అని విసుక్కున్నాడు. మరదలేమో, మీ తమ్ముడికి ముసలితనంలో సినిమా పిచ్చి పట్టిందొదినా, అద్దంలో చేతులు చూసుకుంటున్నడు అని నాతో చెప్పి నవ్వింది. నేనూ నవ్వినట్టు నటించాను. నటనే కదా మన బతుకుదెరువు.

సినిమా వచ్చింది. ముందు మనిద్దరం చూద్దాం, తర్వాత వాళ్ళను తీసుకుపోదువు గానీ అని చెప్పి, యూసుఫ్‌గూడలో మా ఇంటి నుంచి నా స్కూటీ మీద వాణ్ణి మ్యాట్నీకి తీసుకెళ్ళాను. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. ఇంటర్వెల్‌లో సమోసా కొనిపెట్టినా ముట్టలేదు.

ఆ సీను వచ్చింది. వాడు ముందుకు వంగి కూర్చున్నాడు. తలుపు తెరుచుకుంది. ఢామ్మని శబ్దం. ముసలమ్మ పడింది, చెంబు దొర్లింది. వెంటనే హీరో కన్నీళ్ళు, వెనక వయొలిన్లు. చేతులు లేవు. తుపాకీయే లేదు. ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు ఎక్కడి నుంచో ఒక శబ్దం వచ్చింది, ముసలమ్మ తనంతట తనే చచ్చిపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి డైరెక్టర్‌కు ఫోన్ చేయబోతే తమ్ముడు చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. సినిమా అయ్యేదాకా కదలలేదు. అయిపోయి పేర్లు పడుతుండగా, పక్కన షూటింగ్ ముచ్చట్లు వేశారు, హీరో జారిపడటం, విలన్ డైలాగ్ మర్చిపోవడం, అలాంటివి. జనం నిలబడి నవ్వుతున్నారు. ఉన్నట్టుండి తెర నిండా నేను. ఎర్రరంగు పూసుకుని చచ్చి పడున్నదాన్ని లేచి కూర్చుని, పళ్ళికిలించి నవ్వాను. హాలంతా ఘొల్లుమంది. ఎవడో ఈల కూడా వేశాడు. చేతులు కత్తిరించిన పెద్దమనుషులు నా నవ్వును మాత్రం భద్రంగా దాచిపెట్టారు.

లైట్లు వెలిగాయి. జనం వెళ్ళిపోతున్నారు. తమ్ముడు తెల్లటి తెర వైపే చూస్తూ కూర్చున్నాడు.

"మరి ఆమెను ఎవలు చంపినట్టక్కా?"

కోపంగా అడగలేదు. దారి తప్పినవాడు దారి అడిగినట్టు అడిగాడు. నా నోటి చివర పాత మాటలన్నీ ఉన్నాయి, ఆర్డర్ అనీ, యుద్ధమనీ, నీ తప్పు లేదనీ. వాడి మొహం చూశాక అవేవీ రాలేదు. వాడు నా తోడబుట్టినవాడు. నేను గాక ఇంకెవరు చెప్తారు?

"నువ్వేరా" అన్నాను.

తల ఊపాడు. చొక్కా చేతులతో కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ ఏడ్చాను, అది మాత్రం నటన కాదు. ఊడ్చేవాళ్ళు వచ్చి లేవమనేదాకా వాడి చెయ్యి పట్టుకునే కూర్చున్నాను.

బయటికొచ్చి స్కూటీ తీశాను. ఇంకో రోజెప్పుడైనా మరదల్ని తీసుకుపోదువులే, సినిమా అంత బాగా లేదు గానీ అని ఏదో వాగాను. వాడు వెనక కూర్చున్నాడు.

"సిన్మ ఎందుకక్కా. ఇంటికి పోనియ్. ఇయ్యాల చెప్త" అన్నాడు.