ముందుచెయ్యి, రోజుకో మాత్ర

మా మావయ్య మంచివాడని చెప్పడానికి ఇది రాయడం లేదు. పని తెలిసినవాడు. అవి రెండూ ఒకటి కాదు.

ముప్పై ఏళ్ళు గాజు కొట్టులో పనిచేశాడు. షాపుల ముందు నిలబెట్టే నిలువెత్తు షీట్లు, సెలూన్ల అద్దాలు, బాత్రూం తలుపులు. పెద్ద షీటు ఒక్కడు మొయ్యలేడు. ముందు పట్టినవాడు దారి చూసి చెప్పాలి, వెనకవాడు నోరు మూసుకుని వినాలి. ముందు పట్టు ఎప్పుడూ మావయ్యదే. అందుకే కొట్టులో అతన్ని ‘ముందుచెయ్యి’ అనేవారు. వెనక పట్టు అతని బామ్మర్దిది, అంటే మా అత్త తమ్ముడిది.

షీటు ఎత్తే ముందు ఒకరినొకరు "ఉందా?" అని అడగాలి. పట్టు కుదిరితే "ఉంది" అనాలి. చేతిలో ఏ నలత ఉన్నా "లేదు" అంటే చాలు, ఎందుకు లేదని ఎవరూ అడగకూడదు. జ్వరం దాచుకుని మోసినవాడొకడు కాలివేళ్ళు పోగొట్టుకున్నాక మావయ్యే పెట్టిన రూలు ఇది.

యాభై దాటాక మావయ్య మెత్తబడ్డాడు. పొద్దున లేస్తూనే అలసట. మధ్యాహ్నం గాజు బల్ల మీదే కునుకు. అత్త ఇటు తిరిగితే ఇతను గోడవైపు తిరిగేవాడు. డాక్టరమ్మ రెండుసార్లు రక్తం తీయించి, టెస్టోస్టిరాన్ బాగా తక్కువుందని తేల్చి, వారానికో ఇంజెక్షన్ మొదలుపెట్టింది. మూడు నెలల్లో మనిషి లేచి కూర్చున్నాడు. అందరికంటే ముందే వచ్చి కొట్టు తలుపులు తీసేవాడు.

నాలుగో నెలలో రొమ్ములు ఉబ్బాయి. తోలు ఏప్రన్ పట్టీ రాసుకుంటే "స్స్" అనేవాడు. అది బామ్మర్ది చెవిన పడింది. ఇక చూసుకోండి.

"బావా, రవిక కొలతలివ్వు. నాకు తెలిసిన దర్జీ ఉన్నాడు."

"నోర్ముయ్యరా."

"పోనీ అక్కవి పాతవి ఉంటాయిగా. కొత్తవెందుకు దండగ!"

కొట్టంతా నవ్వింది, ఓనరుతో సహా. తర్వాత విని నేనూ నవ్వాను. ఆ రోజు నుంచి ఎవరు ఎందుకు నవ్వినా మావయ్య చెయ్యి రొమ్ము మీదకి పోయేది. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నాడంటారు, ఇతను ఇంకాస్త కిందికి తడుముకున్నాడు.

డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. "నేనిచ్చే మందులో కొంత మీ ఒంట్లోనే ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. పొట్ట ఉంటే ఇంకా ఎక్కువ మారుతుంది. డోసు తగ్గిద్దాం. వారానికి ఒకేసారి కాకుండా రెండుసార్లుగా పొడుద్దాం. ఆ మార్పుని ఆపే ఈ మాత్ర సగం, వారానికి రెండే రెండుసార్లు. ఆరు వారాలయ్యాక పరీక్ష చేసి ఆపేద్దాం."

"మగాడికి ఆడ హార్మోన్ ఏంటి డాక్టరమ్మా? మొత్తం తీసెయ్యండి."

"తియ్యకూడదండీ. మీ ఎముకలకి, కీళ్ళకి, కోరికకి కూడా అది కావాలి."

తల ఊపాడు. తల ఊపడంలో మావయ్యని మించినవాడు లేడు. బయటికొచ్చి, తెలిసిన మందుల షాపువాడి దగ్గర చీటీ లేకుండా ఆ మాత్రలవి పది అట్టలు కొన్నాడు. రోజుకో మాత్ర.

గాజు కొయ్యాలంటే దాని మీద డైమండ్ ములికితో గీత ఒక్కసారే గియ్యాలి. తేలిగ్గా, ఆపకుండా. చాల్లేదనిపించి అదే గీత మీద మళ్ళీ లాగితే గాజు తన ఇష్టమొచ్చిన చోట పగులుతుంది. అలా రెండోసారి లాగిన పనివాళ్ళని బూతులు తిట్టిన మనిషి, తన ఒంటి మీద రోజూ గీత గీసుకున్నాడు.

ఆరు వారాలకి సలపరం పోయింది, వాపు తగ్గింది. చెప్పిన పరీక్షకి డాక్టరమ్మ దగ్గరికి పోలేదు. సొంతంగా లాబ్‌కి వెళ్ళి పరీక్ష చేయించుకున్నాడు. యంత్రం కొలవగలిగినంత ఈస్ట్రోజెన్ కూడా లేదని కాగితం వచ్చింది. దాన్ని తెచ్చి కొట్టు గోడకి టేపుతో అంటించాడు.

"చదవరా. నా ఒంట్లో ఆడదన్నది లేదు."

బామ్మర్ది చదివాడు. "సరే బావా. మరి మగాడున్నాడని ఎక్కడ రాశారు?"

మళ్ళీ కొట్టంతా నవ్వింది.

ఇంట్లో అత్త ఇంకో మాట అంది. "కాగితం మీద మగతనం బాగానే ఉంది. మంచం మీదకి ఎప్పుడొస్తుందట?"

ఆమె అడగడంలో తప్పులేదు. ఇంజెక్షన్లతో తిరిగొచ్చిన కోరిక, మాత్రలతో చెప్పాపెట్టకుండా పోయింది. దాని వెనకే కీళ్ళు ఎండిపోయాయి. మోకాళ్ళు పటపటమనేవి. పొద్దున వేళ్ళు ముడుచుకునేవి కావు. చొక్కా గుండీలు అత్తే పెట్టేది.

"ఆ మాత్రలు మొదలెట్టాకే కదా ఇదంతా. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టుంది. మానెయ్యి."

"మానేస్తే మళ్ళీ వస్తాయి."

"వస్తే రానీ. వేళ్ళు లేకపోతే అన్నం ఎట్లా తింటావు? తమ్ముడితో చెప్తా, కొన్నాళ్ళు వాడే ముందు పడతాడు."

"చెప్పావంటే నీ మొహం చూడను."

ఆమె చెప్పలేదు. దానికి ఇప్పటికీ తనని తాను తిట్టుకుంటుంది.

ఆ సోమవారం ఒక నేలమాళిగ వ్యాయామశాలకి గోడ అద్దం దించాలి. పద్నాలుగు మెట్లు. మావయ్య ముందు, అంటే కింద. బామ్మర్ది వెనక, అంటే పైన. గ్లౌజులు తొడుక్కోవడానికే మావయ్యకి చాలాసేపు పట్టింది.

"ఉందా?" అన్నాడు మావయ్య.

"ఉంది. నీకు ఉందా బావా?"

లేదు అంటే సరిపోయేది. ఎవరూ ఎందుకని అడగరు. కానీ బామ్మర్ది నవ్వుతాడు. మావయ్య ఆ నవ్వునే లెక్కేసుకున్నాడు.

"ఉంది."

ఏడో మెట్టు మీద వేళ్ళు విడిపోయాయి. జారిందంటే ఇద్దరూ వదిలేసి పక్కకి దూకాలి, గాజు పని నేర్చుకునేవాడికి మొదట చెప్పేది అదే. బామ్మర్ది వదల్లేదు. వదిలితే అద్దం సూటిగా బావ మెడ మీదకి జారుతుంది. అరచేతులు బిగించి ఆపాడు. అద్దం అతని చేతుల్లోనే పగిలింది. పెద్ద ముక్క ఒకటి కుడి మణికట్టు లోపలివైపు నుంచి ఎముక దాకా దిగింది.

నరాలు కుట్టారు. చూపుడువేలు, మధ్యవేలు మాత్రం తిరిగి ముడుచుకోలేదు, ఇక ముడుచుకోవని చెప్పేశారు.

మావయ్య ఒంటికి గీతైనా పడలేదు. డాక్టరమ్మ అత్త తెచ్చిన ఖాళీ అట్టలు చూసి, "సగం అన్నాను. వారానికి రెండుసార్లన్నాను," అంది. మాత్రలు ఆపించి, తగ్గించిన డోసు వారానికి రెండుసార్లుగా పొడిచింది. రెండు నెలల్లో మావయ్య వేళ్ళు చక్కగా ముడుచుకున్నాయి. పరీక్షలో అంకె ఉండాల్సిన చోటికి వచ్చింది. రొమ్ములు మళ్ళీ ఉబ్బనే లేదు. అసలు ఆ మాత్రల అవసరమే లేకపోయింది.

మావయ్య బామ్మర్దిని చూడ్డానికి వెళ్ళినప్పుడు అతను ఎడమచేత్తో అన్నం కలుపుకుంటున్నాడు.

"నవ్వుతాననేగా ఉందన్నావు బావా?"

మావయ్య కంచం వైపు చూశాడు.

"నవ్వితే చస్తావా? ఎన్నిసార్లు నవ్వలేదు! ఒక్కసారి చచ్చావా?" ముద్ద చేతిలోంచి జారి కంచంలో పడింది. "పో. నువ్వు చూస్తుంటే తినలేను."

మర్నాడు మావయ్య కొట్టుకి వెళ్ళాడు. గోడ మీద కాగితం ఎవరో చింపేశారు, నాలుగు మూలలా టేపు ముక్కలు మిగిలాయి. నలుగురు పనివాళ్ళు బల్ల చుట్టూ ఉన్నారు. ఒక షీటు సెలూన్‌కి పంపాలి. మావయ్య గ్లౌజులు తొడుక్కుని ముందు అంచు పట్టుకున్నాడు. పట్టు ఉక్కులా ఉంది.

"ఉందా?" అన్నాడు.

వెనక అంచు దగ్గరున్నవాడు గ్లౌజులు తీసి బల్ల మీద పెట్టాడు.

"లేదు."

మావయ్య రెండోవాడి వైపు చూశాడు.

"లేదు."

మూడోవాడు, నాలుగోవాడు అతను చూడకముందే అన్నారు.

ఎందుకు లేదని అడగకూడదు. ఓనరు గల్లాపెట్టె దగ్గర నుంచి, తలెత్తకుండా, ఫొటో ఫ్రేముల ముక్కలు కోసే మూల బల్ల వైపు వేలు చూపించాడు. అది ఒక్కడు చేసుకునే పని.