గోదామోడి గాలి

ఆ గాలివానకి రేడియోలో పేరు లేదు. బంగాళాఖాతంలో వాయుగుండం అన్నారు, తీరం దాటుతుందన్నారు, అంతే. దాటిపోయాక దాని సంగతి రేడియోకి అక్కర్లేదు. పేరు పెట్టుకోవడం మా పని.

మా ఊరు భోగాపురానికి తూర్పున, సముద్రపు హోరు వినిపించేంత దూరంలో ఉంది. నా చిన్నతనంలో అక్కడ ఎవరి పుట్టినరోజూ ఎవరికీ తెలీదు. గాలివానలే తెలుసు. 'ఉప్పు గాలి' నాటికి మా నాన్న పాకుతూండేవాడట. ఆ ఏడు సముద్రం పొలాల్లోకి వచ్చేసింది, మళ్లీ వరి పండడానికి చాలాకాలం పట్టింది. నేను 'తాళ్ల గాలి' తర్వాత వచ్చిన ఎండాకాలంలో పుట్టాను. ఆ గాలికి గట్టు మీది తాటిచెట్లు వరసగా పడుకున్నాయని చెప్పేవారు. ఈ పేర్లు ఎవరు పెట్టారని అడిగితే ఎవరూ చెప్పలేరు. వెళ్లిపోయాక కొన్నాళ్లు అది 'మొన్నటి గాలి'. ఏ పిల్ల వయసో, ఏ గేదె ఈతో చెప్పాల్సి వచ్చినప్పుడు ఎవరో ఒక మాట అంటారు. పక్కవాళ్లు తలూపితే ఇక అదే పేరు.

నేను చెప్పబోయే గాలికి పేరు పడుతున్నప్పుడు నేను అక్కడే నిలబడి ఉన్నాను. అది తప్పుడు పేరని తెలిసినవాళ్లం ఇద్దరమే. నేనూ, మా మావా.

మావ మా అమ్మకి తమ్ముడు. పాతపట్నం వైపు నుంచి బతుకుతెరువుకి మా ఊరొచ్చాడు. మాటల మధ్య ఒరియా ముక్కలు దొర్లేవి, ఊళ్లోవాళ్లు నవ్వేవారు. విజయనగరం షావుకారొకాయన మా ఊరి చివర గోగునార నిల్వకి గోదాం కట్టించి తాళం మావ చేతికిచ్చాడు. ఊరంతా తాటాకిళ్లు. ఇటుక గోడలూ పైన పెంకూ ఉన్నది ఆ గోదాం ఒక్కటే. అందుకే మావని అందరూ గోదామోడు అనేవారు, చనువుగానే.

"గోదామోడా, నీ నారకన్నా నీ మాటే పీసు పీసుగా ఉన్నాది" అనేవారు తూకానికి వచ్చిన రైతులు.

"పీసైతే ఏటి? తెగదు కదా" అనేవాడు మావ.

నాకప్పుడు ఇరవయ్యేళ్లుంటాయి. ఎస్సెల్సీ తప్పి మావ దగ్గర పనికి చేరాను. అరవయ్యో దశకం చివరి రోజులు. కార్తీకమాసం, కొత్త నార ఆరి గోదాంలోకి వచ్చే కాలం. కట్టలు పెంకు దాకా పేర్చి ఉన్నాయి. ముందురోజు సాయంత్రం పంచాయతీ రేడియోలో వాయుగుండం సంగతి చెప్పారు. తెల్లారేసరికి ఈశాన్యం నుంచి గాలి మొదలైంది. ఆకాశం బూడిద రంగులోకి దిగింది. మావ తలకి తువ్వాలు చుట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు, వెనకాలే నేనూ.

"గాలి ముదిరితే ఇళ్లల్లో ఉండకండి. గోదాంకి వచ్చీయండి. తలుపు తీసే ఉంటాది" అని చెప్పాడు ప్రతి గుమ్మం దగ్గరా.

"నార తడిస్తే మీ షావుకారు ఊరుకుంటాడేటి?" అంది ఒక ముసలమ్మ.

"షావుకారు ఇజీనారంలో ఉన్నాడే అప్పా. గాలి ఇక్కడున్నాది."

చివరింట్లో ఒక కూలి కుటుంబం ఉండేది. భార్య బాలింత. పురిటి చాప మీద నుంచే తలెత్తి, "అన్నా, నాను నడవలేను కదా" అంది. "నాను మోసుకొస్తాను కదే" అన్నాడు మొగుడు. "ముందు నీ గుంటడిని మొయ్యి, తర్వాత నీ పెళ్లాన్ని మోద్దువుగాని" అన్నాడు మావ. ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వు నాకింకా గుర్తుంది.

గోదాంకి తిరిగొచ్చేసరికి పెంకులు లేస్తున్నాయి. వెనకవైపు పెంకులు ఎగిరిపోయిన చోట వాన నేరుగా లోపల పడుతోంది. మావ అక్కడి కట్టలు జరపడానికి పోతూ నాకు తలుపు అప్పగించాడు. రెండు రెక్కల తలుపు, లోపలికి తెరుచుకుంటుంది. అడ్డంగా ఒక గడ.

"అడ్డగడ ఒక్కటే పెట్టు. ఎవులొచ్చినా తీసీ. తలుపుకి నార ఆనించకు రోయ్, తడిస్తే ఉబ్బిపోతాది, ఏనుగొచ్చినా కదల్దు" అన్నాడు.

నేను విన్నాను. వినలేదని ఇన్నేళ్లలో నాకు నేను కూడా చెప్పుకోలేకపోయాను.

గాలి ముదిరాక తలుపు లోపలికి ఉబ్బడం మొదలెట్టింది. అడ్డగడ మూలుగుతోంది. అది విరిగితే గాలి లోపలికి దూరి కప్పు ఎగిరిపోతుంది, గోడలు మా మీద పడతాయి, ఇదే నాకు కళ్ల ముందు కనపడుతోంది. ఒక కట్ట దొర్లించి తలుపుకి ఆనించాను. కాస్త ఆగింది. ఇంకోటి ఆనించాను. తర్వాత చేతులు వాటంతటవే పనిచేశాయి. తలుపు కదలడం మానేసేదాకా దొర్లించాను. అప్పటికి గడప కింద నుంచి నీళ్లు వస్తున్నాయి. అడుగు కట్టలు తాగేస్తున్నాయి. అదీ చూశాను.

తర్వాత తలుపు మీద చప్పుడు వచ్చింది. గాలే అనుకున్నానని చెప్పడం తేలిక. కానీ గాలి తలుపంతటినీ ఒక్కసారి తోస్తుంది. ఇది ఒకే చోట, చేతికందే ఎత్తులో, ఆగి ఆగి కొడుతోంది. మనిషి చెయ్యి. నేను కట్టలకి వీపు ఆనించి కూర్చున్నాను. లేవలేదు, మావని పిలవలేదు. తీస్తే మళ్లీ మూయలేమనుకున్నాను. ఎంతసేపు కూర్చున్నానో నాకు తెలీదు. ఎక్కువసేపు కాకపోవచ్చు. చాలినంతసేపు.

మావ అటు నుంచి వస్తూ విన్నాడు. కట్టలు చూశాడు. మీద పడి లాగడం మొదలెట్టాడు. అప్పుడు నేనూ లాగాను. పైవి వచ్చాయి. కిందవి నీళ్లు తాగి, ఒకదాన్నొకటి నొక్కుకుని, తలుపుకీ నేలకీ అతుక్కుపోయాయి. కట్టలు కోసే కొడవలి ఎక్కడో నార కింద ఉండిపోయింది. మావ గోళ్లతో కట్లు తెంపబోయాడు. "వస్తన్నాం, వస్తన్నాం, ఎల్లిపోకండి!" అని అరిచాడు. బయట వాళ్లకి మా అరుపు వినపడలేదు, మాకు వాళ్ల అరుపు వినపడలేదు. తలుపు మీద చప్పుడొక్కటే అటూ ఇటూ వచ్చిన మాట. కాసేపటికి అది ఆగిపోయింది. మావ కట్టల మీద చేతులు అలాగే పెట్టుకుని నిలబడిపోయాడు. నేను ఆయన వేళ్ల చివర రక్తం చూసి తల తిప్పేశాను.

మధ్యాహ్నం గాలి తగ్గాక, కొడవలి దొరికాక, ఆ నారని పాయలు పాయలుగా కోసి లాగితే గానీ తలుపు రాలేదు. వచ్చినవాళ్లలో కొందరు గోడ చాటున ఒకరి మీద ఒకరు పడి బతికారు. చివరింటి కూలి మనిషి మాత్రం తలుపు తెరుచుకోకపోయేసరికి భార్యాబిడ్డల్ని తాటిగట్టు పల్లంలోకి దింపడానికి తీసుకెళ్లాడు. వాళ్లని దింపాడు. తను దిగేలోగా చెట్టు మీద పడింది. మళ్లీ లేవలేదు.

ఊరు గోదాం ముందు చేరింది. లోపల, ముందువైపు పై కట్టలన్నీ పొడిగా, బంగారంలా మెరుస్తున్నాయి.

"నార తడవనేదు. అదే పదివేలు" అన్నాడొకతను.

"తలుపుకి నారెట్టింది ఎవులు?" అని ఇంకొకతను అడిగాడు.

"నానే" అన్నాడు మావ.

నా వైపు చూడలేదు. నేను నోరు తెరిచాను అని రాయాలని ఉంది. తెరవలేదు. ఆ సాయంత్రం ఇద్దరం ఒంటరిగా ఉన్నప్పుడు, ఎందుకలా చెప్పావని అడిగాను.

"నాను పాతపట్నం ఎల్లిపోగలను. నువ్వీ ఊరోడివి, నువ్వెక్కడికి పోతావురా అల్లుడా?" అన్నాడు. వేళ్లకి గుడ్డ చుట్టుకుంటూ, "నాలుగు రోజులు తిడతారు, మర్సిపోతారు" అన్నాడు.

నిజానికి ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే మర్చిపోయేవారేమో.

కొన్ని నెలలకి మశూచి టీకాలు వేసే ఆయన సైకిల్ మీద వచ్చి రచ్చబండ దగ్గర కూర్చున్నాడు. పిల్లల్ని వరసలో నిలబెట్టారు. మావా నేనూ అటువైపు నార బండి తోలించుకు వస్తున్నాం. ఆ బాలింత, ఇప్పుడు ఒంటరిది, బిడ్డని చంకనేసుకుని ముందు నిలబడి ఉంది.

"ఎన్ని నెలలమ్మా?" అన్నాడాయన.

ఆమె ఆలోచించింది. కోపంగా లేదు. మమ్మల్ని చూడనైనా లేదు. లెక్క చెప్పడానికి ఒక గుర్తు కావాలి, అంతే.

"గోదామోడి గాలికి ఇంకా పురిటి సాప మీదే ఉన్నాడు బాబూ" అంది.

వెనకున్న ఆడవాళ్లు తలూపారు. "మా గుంట గోదామోడి గాలికి ముందు పుట్టింది" అంది ఆమె వెనకావిడ. అంతే, పేరు పడిపోయింది.

మావ ఎడ్లని అదిలించాడు. బండి కదిలింది. నేను అప్పుడైనా వెనక్కి వెళ్లి, అది నా పని అని చెప్పి ఉండొచ్చు. నలుగురు ఆడవాళ్లూ, ఒక పరాయి ఉద్యోగీ, వినడానికి అంతకన్నా మంచి సభ నాకు మళ్లీ దొరకలేదు. బండి పక్కనే నడిచాను.

మావ పాతపట్నం వెళ్లలేదు. ఆమదాలవలసలో ఒక ధాన్యం కొట్లో కుదిరాడు. ఊరిడిచిపెట్టి పొమ్మని ఎవరూ అనలేదు. కానీ ఈనిన ఆవుకీ, ఈడొచ్చిన పిల్లకీ, పాత బాకీకీ ఆయన పేరే లెక్కైతే మనిషి ఎన్నాళ్లు వింటాడు? నేను రైలెక్కి చూడ్డానికి వెళ్లేవాణ్ణి. స్టేషన్ దగ్గర టీ ఇప్పించేవాడు. ప్రతిసారీ చివర్లో, ఏదో గుర్తొచ్చినట్టు అడిగేవాడు.

"ఊళ్లో ఇంకా అలాగే అంటన్నారేట్రా?"

"లేదు మావా. మర్చిపోయారు."

"గాలిని మర్సిపోతారేటి, ఎర్రినాయాలా" అనేవాడు నవ్వుతూ. నేను అబద్ధమాడానని తెలుసు, నేనాడాలనీ తెలుసు. ఆయన అక్కడే పోయాడు. గోదాం పడిపోయి, దాని ఇటుకలు ఎవరి గోడల్లోకి పోయాయో కూడా నాకిప్పుడు తెలీదు.

ఈమధ్య తుపాన్లకి పేర్లు పెడుతున్నారు. చుట్టుపక్కల దేశాలు కలిసి ముందే జాబితా రాసుకున్నాయట. పుట్టకముందే పేరు సిద్ధం. అది ఎవరిని ఏం చేసిందన్న దానితో ఆ పేరుకి పని లేదు. ఇది విన్నరోజు నాకు ఈర్ష్య కలిగింది.

మొన్న భోగాపురం టీ కొట్లో టీవీలో అలాంటి పేరొకటి చెబుతున్నారు. పక్క బల్ల మీద ఆ రోజు పురిటి చాప మీదున్న బిడ్డ కూర్చుని ఉన్నాడు. ఇప్పుడు ఆటో నడుపుతాడు. వాళ్లమ్మ పోయి చాలాకాలమైంది. ఎందుకో ఆ పూట ఆగలేకపోయాను. అతని పక్కకి జరిగి మొత్తం చెప్పాను. అడ్డగడ, నార, చప్పుడు, నేను కూర్చుండిపోవడం. అతను గ్లాసు చేతిలో పట్టుకుని, తాగకుండా విన్నాడు. కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుణ్ణనుకున్నాను.

"మా యమ్మ ఉన్నప్పుడు సెప్పవలసింది మావా" అన్నాడు చివరికి. "గోదామోడు సచ్చిపోనాడని తెలిసినప్పుడు కూడా అది కళ్లు తుడుసుకోనేదు."

టీ కొట్టు అబ్బాయి గ్లాసులు తీసుకోడానికి వచ్చాడు. టీవీ వైపు చూపించి, "ఇలాటివి నువ్వెన్ని సూసుంటావన్నా? అసలు నీకెన్నేళ్లు?" అని అడిగాడు అతన్ని.

"నాను..." అని ఆగాడు. నన్ను చూశాడు. "ఏటనాలి మావా?"

"నా పేరు పెట్టి చెప్పు" అన్నాను.

అతను నిజంగానే ఆలోచించాడు. పెదాలు కదిపి చూసుకున్నాడు కూడా. తర్వాత తల అడ్డంగా ఊపాడు. "నీ పేరు సెప్తే ఏ గాలో ఎవులికి తెలుస్తాది?"

అని, అబ్బాయి వైపు తిరిగి, కొంచెం గొంతు తగ్గించి చెప్పాడు.

"గోదామోడి గాలినాటోణ్ణిరా."

అబ్బాయికి వెంటనే అర్థమైంది.