బావగారి దృష్టిలో గొప్ప గోలు

బావగారికి ఉన్నది ఒక్కటే జబ్బు. రైలుకట్ట పక్క ఫుట్‌బాల్ క్లబ్బు యాభై ఏళ్ళ చరిత్రలో అతి గొప్ప గోలు ఏదని ఎవరైనా అడిగితే, అడక్కపోయినా సరే, మన గోల్‌కీపరు మన గోల్లోనే వేసుకున్న గోలు అంటారు. సరదాకి అనరు, బల్ల గుద్ది అంటారు. బల్ల అందుబాటులో లేకపోతే ఎదుటివాడి భుజం గుద్ది అంటారు.

ఆయనకి కళ్ళజోళ్ళ షాపు ఉంది. పిల్లలూ పెద్దలూ అందరూ ఆయన్ని బావగారనే పిలుస్తారు. ఎదురుగా ప్రింటింగ్ ప్రెస్సు నడిపే అసలు బావమరిది మాత్రం, కొత్తవాళ్ళెవరైనా "ఆయన మీకేమవుతారు?" అని అడిగితే, "ఎదురు షాపాయన" అని తప్పుకుంటాడు.

ఆ గోలు సంగతి చెప్పాలంటే ఇరవై రెండేళ్ళు వెనక్కి వెళ్ళాలి. మూడో డివిజన్‌లో ఆఖరి మ్యాచ్. ఓడిపోకుండా ఉంటే చాలు, క్లబ్బు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి రెండో డివిజన్‌కి వెళ్తుంది. కుండపోత వాన. ఎనభై ఎనిమిది నిమిషాలు గడిచాయి, ఎవరికీ గోలు లేదు. మన గోల్‌కీపరుని అప్పట్లో గేటు అనేవారు. ఆయన నిలబడితే గేటు వేసినట్టేనని నమ్మకం. ఎగిరొచ్చిన బంతిని చంటిపిల్లని అందుకున్నంత పదిలంగా అందుకున్నాడు. ఎడమ పక్క ఉన్న మనవాడికి విసురుదామని చెయ్యి వెనక్కి లాగాడు. తడిసిన బంతి ఆ చేతిలోంచి వెనక్కి జారింది. పెన్షన్ తెచ్చుకోడానికి వెళ్ళే పెద్దమనిషిలా తాపీగా దొర్లుకుంటూ పోయి గోల్లో కూర్చుంది. అంతే. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా క్లబ్బు మూడో డివిజన్ గడప దాటలేదు.

మిగతా అభిమానులు గొప్పవాళ్ళెవరని వాదించుకున్నప్పుడు మామూలు మనుషుల్లాగే వాదించుకుంటారు. రెండొందల గోల్స్ కొట్టిన ఫిరంగి గొప్పా, గాలికి కొట్టుకుపోయేలా ఉంటూ నలుగుర్ని తప్పించుకుపోయే గాలిపటం గొప్పా, మధ్యలో గోడ కట్టినట్టు ఆడిన తాపీమేస్త్రీ గొప్పా అని. బావగారు ఆ వాదనలోకి దిగాక అది వేరే దారి పడుతుంది.

"ఫిరంగి రెండొందలు కొట్టాడు బావగారూ!" అంటాడు పక్క వీధి కాలేజీ కుర్రాడు.

"కాదన్నానా? నూట పదమూడోది కాలితో కొట్టాడా, తలతోనా?"

"కాలితోనే అనుకుంటా..."

"అనుకుంటావా! సరే, గేటు వేసిన గోలు చెప్పు."

"కుడిచేతిలోంచి జారింది. మడమకి తగిలింది. రెండు దొర్లులు దొర్లి, ఎడమ స్తంభం పక్కనుంచి లోపలికి పోయింది."

"అప్పటికి నీ వయసెంత?"

"పుట్టలేదండీ."

"చూశావా! చూసినవాడికి కూడా గుర్తులేని గోలు గొప్పదా, పుట్టనివాడికి కూడా కంఠతా వచ్చిన గోలు గొప్పదా?"

ఎదురు ప్రశ్న వేసినా సుఖం లేదు.

"ఆ గోలు పడకపోతే రెండో డివిజన్‌కి వెళ్ళేవాళ్ళం కదండీ?" అన్నాడోసారి తాళాలు బాగుచేసే ఆయన.

"వెళ్ళి ఏం చేసేవాళ్ళం? వారం వారం ఐదు గంటలు బస్సులో కూర్చుని వెళ్ళి ఓడిపోయేవాళ్ళం. ఇప్పుడు హాయిగా నడిచెళ్ళి ఓడిపోతున్నాం. నడుం నొప్పి లేకుండా మనల్ని కాపాడినవాణ్ణి పట్టుకుని తిడతారేమయ్యా!"

షాపులో కళ్ళు పరీక్ష చేసే చార్టు కూడా ఆయన సొంతంగా తయారు చేసుకున్నదే. పై వరుసలో అరచేయంత అక్షరాలతో "గేటు". దాని కింద తాపీమేస్త్రీ, ఆ కింద గాలిపటం. అట్టడుగున చీమతలకాయంత అక్షరాలతో "ఫిరంగి". ఓ రోజు ఫిరంగికి వీరాభిమాని అయిన బస్సు డ్రైవరు కళ్ళు చూపించుకోడానికి వచ్చాడు.

"పై వరుస చదవండి."

"చదవను."

"కనిపించట్లేదా?"

"కనిపిస్తోంది. చదవను."

"ఎడమ కన్ను, మందం," అని కాగితం మీద రాసుకున్నారు బావగారు. "కుడి కన్ను, మొండి."

డ్రైవరుకి ఒళ్ళు మండిపోయింది. లేచి గుమ్మం దాకా వెళ్ళి, అక్కడ నిలబడి, అట్టడుగు వరుస గట్టిగా చదివాడు. "ఫిరంగి!"

"అక్కణ్ణుంచి ఆనిందా? అయితే మీకు కళ్ళజోడు అక్కర్లేదు. వెళ్ళిరండి," అన్నారు బావగారు.

ఇలా వచ్చిన బేరాన్ని తిప్పి పంపడం చూసి ప్రెస్సాయన అక్క తల పట్టుకునేది. "నువ్వయినా చెప్పరా తమ్ముడూ," అనేది. "నా మాట వింటాడా అక్కా? ఆ గోలు పడ్డాక ఆయనకి మాట పడిపోయినా బావుండేది," అనేవాడు తమ్ముడు.

క్లబ్బుకి యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా ప్రత్యేక సంచిక వేయాలని కమిటీ నిర్ణయించింది. అభిమానుల్లో ప్రెస్సు ఉన్నవాడు ఒక్కడే కాబట్టి సంపాదకత్వం అనే బరువు ప్రెస్సాయన నెత్తిన పడింది. సంచికకి గుండెకాయ లాంటి పేజీ ఒకటుంది. "మన పదకొండుగురు." యాభై ఏళ్ళలో గొప్ప ఆటగాళ్ళు. ఆదివారం సభలో చేతులెత్తి ఎన్నుకుంటారు. ఆ పేజీలో ఎక్కిన పేరు ఎక్కినట్టే, ఎక్కనిది ఎక్కనట్టే. మళ్ళీ ఇలాంటి సంచిక వచ్చేసరికి ఇప్పుడున్నవాళ్ళలో సగంమంది ఉండరు.

"గోల్‌కీపరు గేటే. రాసుకో," అన్నారు బావగారు, శనివారం నాడే ప్రెస్సుకి వచ్చి.

"బావా, నీకు దణ్ణం పెడతాను. కొండ ఉండగా గేటుకి ఎవరేస్తారు?"

"కొండా? రెండేళ్ళు ఆడి వంతెన అవతలి క్లబ్బుకి జారుకున్నవాడా?"

"జారుకున్నా, ఉన్నన్నాళ్ళు ఒక్కటీ జారనివ్వలేదు."

"నీకు ఆట తెలీదు. అచ్చు తెలుసు. అది చూసుకో," అని వెళ్ళిపోయారు.

సభ క్లబ్బు రేకుల షెడ్డులో జరిగింది. పాత ఆటగాళ్ళందరికీ పిలుపు వెళ్ళింది. ఫిరంగి బొజ్జతో వచ్చాడు, గాలిపటం అంతకన్నా పెద్ద బొజ్జతో వచ్చాడు. ఎవరూ అనుకోకపోయినా గేటు కూడా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నెరిసిన తల, చాటల్లాంటి చేతులు. పోస్టాఫీసులో పార్సెళ్ళ కౌంటరు గుమాస్తా ఇప్పుడు. ఎవరో చేతికి టీ గ్లాసు ఇచ్చారు. వెనకనుంచి ఒక గొంతు, "గ్లాసు జాగ్రత్తండోయ్!" అంది. షెడ్డులో ఓ మూల కిసుక్కుమన్నారు. ఆ నవ్వు రెండో బెంచీ దాకా పాకకముందే బావగారు కుర్చీ ఎక్కేశారు.

"ఏమన్నారు? ఎవరన్నారు? క్లబ్బు చరిత్రలో అతి గొప్ప గోలు వేసిన మనిషి వస్తే లేచి నిలబడాల్సింది పోయి ఇకిలిస్తారా?"

"కుర్చీ దిగండి బావగారూ!"

"దిగను. ఈ షెడ్డులో ఎవడికైనా వెనక్కి చూడకుండా గోలు వెయ్యడం వచ్చా? రమ్మనండి!"

"మీ కళ్ళకి మీరే ఓ జోడు పెట్టుకోండి ముందు!"

నలభై నిమిషాలు రణరంగం. ప్రెస్సాయన కాగితంలోకి తల దూర్చేసి, తనకీ ఆ కుర్చీకీ ఏ సంబంధమూ లేనట్టు కూర్చున్నాడు. ఈ గొడవలో గేటు టీ తాగి, గ్లాసు కడిగి, బోర్లించి, మూల కూర్చుని గాలిపటంతో మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నాడు. ఆయన వంక చూసే తీరిక ఎవరికీ లేకపోయింది.

చివరికి ఓట్లు. కొండకి అరవై రెండు చేతులు లేచాయి. గేటుకి ఒక్కటే చెయ్యి. అది ఎవరిదో చెప్పనక్కర్లేదు. అరవై రెండులో గేటు చెయ్యి కూడా ఉంది. బావగారు అది చూసి మండిపడ్డారు.

"నీకసలు ఫుట్‌బాల్ తెలుసటయ్యా?" అని ఆయన మీదే ఎగిరారు.

సోమవారం కొండ ఫొటో అడుగుతూ ఉత్తరం రాసి, క్లబ్బు పాత పత్రికల కట్టతో కలిపి పంపుదామని ప్రెస్సాయన పోస్టాఫీసుకి వెళ్ళాడు. పదిన్నర అయింది. పార్సెళ్ళ కౌంటరు దగ్గర చాంతాడంత వరస. ముందున్న కలప వ్యాపారి పెట్టె తూకం మీద పెడుతూ అన్నాడు.

"లోపల గాజు సామానుందయ్యా. నీ చేతిలోంచి జారిందంటే మళ్ళీ మూడో డివిజనే!"

వరసంతా గొల్లుమంది. గేటు చెవులు ఎర్రబడ్డాయి. తూకం ముల్లు వంకే చూస్తూ నిలబడ్డాడు. పక్కనున్న స్టాంపుల వరసలోంచి ఉరుము ఉరిమింది.

"జారిందని ఎవడన్నాడు?"

బావగారు! ప్రెస్సాయన చప్పున స్తంభం చాటుకి తప్పుకున్నాడు.

"జారలేదయ్యా, విసిరాడు! గురి చూసి వెనక్కి విసిరాడు! నువ్వు కలప కోసేటప్పుడు కళ్ళు మూసుకుని కొయ్యగలవా?"

"కళ్ళజోళ్ళాయనకి మళ్ళీ వచ్చిందిరా!" అని ఎవరో అరిచారు. వరస మొత్తం అటు తిరిగింది. కలప వ్యాపారి గేటు అందించిన రసీదు జేబులో కుక్కుకుని, మాటకి మాట అంటూ బావగారి వెంట వీధిలోకి పోయాడు. గేటు పెట్టె మీద ముద్ర కొట్టాడు. ఒకదాని తర్వాత ఒకటి పార్సెళ్ళు చకచకా కదిలాయి. ఎవరూ ఒక్క మాటా అనలేదు.

తన వంతు వచ్చేసరికి ప్రెస్సాయన సిగ్గుతో చచ్చిపోతున్నాడు. "ఏమీ అనుకోకండి. మా... ఆ ఎదురు షాపాయన..."

"రోజూ ఈ వేళకే వస్తారండి," అన్నాడు గేటు.

"దేనికి?"

"ఒక స్టాంపు కొంటారు. అంటించడానికి ఉత్తరం ఉండదు." గేటు పార్సెలు తూచాడు. "పదిన్నరకి రద్దీ కదండీ. ఎవరో ఒకరు నన్ను ఆ మాట అనకుండా ఉండరు. ఆయన అందుకున్నారంటే ఇంక నా ఊసు ఎవరికీ ఉండదు. వాళ్ళకి ఆయనతోనే సరిపోతుంది."

ప్రెస్సాయన కౌంటరు మీదకి వంగాడు. "మీతో ఎప్పుడైనా చెప్పారా?"

"నాతో మాట్లాడరండి. ఇన్నేళ్ళలో రెండే మాటలు. ఒకసారి స్టాంపుకి జిగురు సరిగ్గా లేదన్నారు. నిన్న నాకు ఫుట్‌బాల్ తెలీదన్నారు." నవ్వాడు. "ఇంతకీ ఈ పార్సెలు ఎక్కడికండీ?"

కొండకి అని చెప్పడానికి ప్రెస్సాయనకి నోరు రాలేదు. "అడ్రసు తప్పు రాశాను. మళ్ళీ వస్తాను," అని కట్ట చంకలో పెట్టుకుని వచ్చేశాడు.

ప్రెస్సులో సంచిక పని కోసం తెప్పించిన మ్యాచుల పుస్తకం ఉంది. తెరిచాడు. వాన మ్యాచ్ తర్వాత కొత్త సీజన్ మొదటి ఆదివారం పేజీ తిప్పాడు. ఆ రోజు ఊరంతా మైదానంలో గోలు వెనకాలే చేరి గేటుని వెక్కిరిస్తూ అరిచిందని ఆయనకి బాగా గుర్తు. అరిచినవాళ్ళలో తనూ ఉన్నాడు. గోల్‌కీపరు గడిలో పేరు చూశాడు: గేటు. ఆ తర్వాత వారం: గేటు. ఆరేళ్ళు, ప్రతి ఆదివారం, అదే గోల్లో, అదే మనిషి. పుస్తకం మూసి, కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

సంచిక విడుదల నాడు షెడ్డులో సెక్రటరీ గారు మొదటి ప్రతి తెరిచారు. పదకొండుగురి పేజీ దగ్గర ఆగిపోయారు.

"ఇదేంటయ్యా! కొండ ఏడి?"

"అచ్చుతప్పండి," అన్నాడు ప్రెస్సాయన.

"అచ్చుతప్పంటే కొమ్ము ఊడుతుంది, దీర్ఘం పోతుంది. మనిషికి మనిషే మారిపోతాడా?"

"మాది కాస్త పాత మిషనండి. తప్పు చేస్తే పెద్దదే చేస్తుంది."

"ఫొటో కూడా మారింది!"

"పేరొకరిది, ఫొటో ఒకరిదీ అయితే అచ్చుతప్పులా ఉంటుందని ఫొటో కూడా మార్చానండి."

"అరవై రెండు ఓట్లయ్యా! సవరణ వెయ్యాల్సిందే!"

"తప్పకుండా వేస్తానండి. వందేళ్ళ సంచికలో మొదటి పేజీలోనే వేస్తాను. మాటిస్తున్నాను."

"ఇదంతా ఆ బావగారి కుట్ర!" అని లేచారు ఓ పదిమంది. బావగారికి నిజంగా ఏమీ తెలీదు. తెలీని నేరానికి కూడా వెనక్కి తగ్గే మనిషి కాదు కాబట్టి, "అవును, నేనే చేయించాను, ఏం చేస్తారు?" అని కుర్చీ ఎక్కారు. ఎక్కాక, అసలేం చేయించారో చూద్దామని ఒక ప్రతి లాక్కున్నారు. పేజీ తిప్పారు. కళ్ళజోడు పైకి తోసుకున్నారు. ఆ షెడ్డులో ఆయన నోరు మూసుకుని నిలబడగా చూడటం అందరికీ అదే మొదటిసారి. భయపడి వాళ్ళు కూడా ఊరుకున్నారు.

"ఒరేయ్ బావమరిదీ!" అన్నారు కాసేపటికి. "ఆడిన మ్యాచులు వేశావు. ఆపిన పెనాల్టీలు వేశావు. వేసిన గోల్స్ దగ్గర గీత గీశావేంట్రా? ఒకటుందిగా!"

షెడ్డు రేకులు ఎగిరిపోయేలా నవ్వారు. మూల కూర్చున్న గేటు అందరికన్నా ఎక్కువ నవ్వాడు. లేచి వచ్చి, బావగారి చేతిలో ప్రతి అందుకుని, జేబులోంచి పెన్ను తీసి, గీత కొట్టేసి, దాని పక్కన తన చేత్తోనే "1" అని వేసుకున్నాడు.

బావగారు కుర్చీ మీంచే వంగి చూశారు.

"అంత గోలుకి అంత చిన్న అంకెటయ్యా? ఇంకాస్త పెద్దది వెయ్యి. నా కళ్ళకే ఆనట్లేదు," అన్నారు.