సున్నా దగ్గర ఆగిన ముల్లు: రాయపోల్ నుంచి సిద్దిపేట మీదుగా నారాయణరావుపేట

మీ ఇంట్లో బీపీ చూసే గుండ్రటి డయల్ నిజమే చెబుతోందని మీకెవరు చెప్పారు? నాకు నేనే చెప్పుకున్నాను. ఊరూరా ప్రవచనాలు చెప్పేవాణ్ణి. సంచీలో గ్రంథం, దాని పక్కనే డయల్. సభ ముగిశాక పెద్దవాళ్ళకు బీపీ చూసి పంపేవాణ్ణి. మొన్న రాయపోల్‌లో దవాఖాన నర్సమ్మ తన మిషన్ నా చేతికి కట్టి నూట డెబ్బై అంది. నా డయల్‌లో నూట నలభై. తప్పు ఆమెదేనని తేల్చాలని మర్నాడు ఏడున్నర బస్సెక్కాను.

సిద్దిపేటకు గంట పైనే పట్టింది. పక్క సీట్లో నా సంచీ. సభలో ఎందరున్నా నా ప్రయాణాలన్నీ ఇట్లాగే.

గేజీలు బాగుచేసే యాదగిరి దుకాణం బస్టాండుకు పది నిమిషాల నడక. ట్రాక్టర్లవి, కంప్రెషర్లవి, దవాఖానవి అన్నీ చూస్తాడు. నా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. చేతికి చుట్టే పట్టీకి గాలి కొడుతూ నవ్వాడు.

"మూడుసార్లు కొట్టినా ముల్లు కదుల్తలేదు. మైకు వడితె నువ్వు గింత నిమ్మళంగ ఉంటవా సామీ?"

అద్దం తీసి చూపించాడు. లోపల, వలయాలుగా మడతలు పడ్డ పల్చటి రేకులు రెండు, అంచులు అతికించి చిన్న డబ్బీలా ఉన్నాయి. పట్టీలోని గాలి ఆ డబ్బీలోకి వస్తుంది. బయట మామూలు గాలి. లోపలి ఒత్తిడి పెరిగేకొద్దీ రేకు ఉబ్బుతుంది. కంటికి ఆనని ఆ ఉబ్బును చిన్న కడ్డీ, పళ్ళచక్రాలు పెద్దది చేసి ముల్లును తిప్పుతాయి.

"ఎన్నడన్న కింద వడ్డదా?"

"చలికాలంలో బస్సు మెట్ల మీద పడ్డది. ముల్లు సున్నా మీదనే ఉంది కదా."

సున్నా పక్కన గుండుసూది మొనంత మేకు ఉంది. యాదగిరి దాన్ని పీకాడు. ముల్లు సున్నా దాటి ముప్పై అంకెలంత కిందికి జారింది.

"రేకు వంగింది. మేకు ఆపింది గనక నీకు సున్నా కనవడ్డది. అందరికి ముప్పై తక్కువ జెప్పినవ్ సామీ."

నారాయణరావుపేట మల్లేశం గౌడ్ గుర్తొచ్చాడు. తాటిచెట్టెక్కే మనిషి. పోయిన వారం బీపీ చూసి, మామూలుగానే ఉంది, దైవనామం చాలు, గోళీలు మానెయ్యమన్నది నేనే. షేర్ ఆటో పట్టుకొని మూడింటికి చేరాను. చెట్టెక్కే మోకు భుజాన వేసుకొని చెట్ల దిక్కు బయల్దేరుతున్నాడు.

"ఎక్కకు మల్లేశం. నేను తప్పు చెప్పిన."

"మూడు దినాల సంది తలకాయ తిప్పుతాంది. నువ్వు జెప్పినవని ఊకున్న."

"నన్నొక మాట అడగకపోయినవా?"

"నిన్నెవలు అడుగుతరు సామీ? నువ్వు జెప్తవ్, మేం ఇంటం."

ఊళ్ళోని ఆరోగ్య కేంద్రంలో చూస్తే నూట తొంభై. వెంటనే సిద్దిపేట దవాఖానకు తీసుకుపొమ్మన్నారు. నేనూ ఆటో ఎక్కబోతే అతని భార్య, "నువ్వు రావద్దు," అంది. మొగుడి చెయ్యి పట్టుకొని వెళ్ళిపోయింది. వెనకాల బస్సులో వచ్చి దవాఖాన గేటు బయటే నిలబడ్డాను. చీకటి పడుతుండగా ఆమె వచ్చి, మందుకు తగ్గుతోందని చెప్పి, నా ముఖం చూడకుండానే లోపలికి పోయింది.

ఆ రేకు లోపలి గాలి ఒక్కదాన్నే కొలవదు. బయటి గాలితో దానికున్న తేడాను చెబుతుంది. నా ఇంట్లో నాకు అడ్డు చెప్పే గొంతు లేదు. సభల్లో అలాంటి గొంతును నేనే రానివ్వలేదు. నా మాటే నేను వింటూ ఇన్నేళ్ళు గడిపాను.

డయల్ కొంటే ముల్లుకు అడ్డుమేకు లేనిది కొనండి. ఒక్కసారి కిందపడితే, సున్నా చూపిస్తున్నా సరే, దవాఖాన మిషన్‌తో పోల్చకుండా నమ్మకండి. ఇక నా మాట మీద గోళీలు ఆపినవాళ్ళారా, రేపు కాదు, ఈ పూటే లేచి దవాఖానకు పోండి. నన్ను తిట్టుకుంటూనైనా పోండి.