అన్నీ ఒకేసారి ఎక్కించే ప్రోగ్రాం

గుంటూరులో నేనూ మా ఆయనా ఒకే ఆఫీసులో పనిచేసేవాళ్ళం. మిర్చి దాచే కోల్డ్ స్టోరేజీలకి సాఫ్ట్‌వేర్ రాసిచ్చే చిన్న కంపెనీ అది. ఏ రైతు టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, ఏ గదిలో ఏ వరసలో ఉన్నాయో మా సాఫ్ట్‌వేర్ చెప్పేది. చిలకలూరిపేట దారి పొడుగునా, అటు ఒంగోలు దాకా, ప్రతి స్టోరేజీలోనూ ఒక మూల మా సర్వర్ ఉండేది. సర్వర్ అంటే పెద్దగా ఊహించుకోకండి. మామూలు కంప్యూటర్, పక్కన ఫోను తీగ తగిలించిన మోడెం, దుమ్ము పడకుండా పైన ఎవరిదో పాత చీర ముక్క. బ్రాడ్‌బ్యాండ్ ఇంకా మా వైపు రాని రోజులు.

సాఫ్ట్‌వేర్‌లో మార్పు చేసినప్పుడల్లా ఫోను మీదే అన్ని సర్వర్లకీ ఎక్కించాలి. అందుకోసం మా ఆయన ఏడాది కూర్చుని ఒక ప్రోగ్రాం రాశాడు. ఆఫీసులో ఉన్న నాలుగు ఫోన్ లైన్ల మీదా అది ఒకేసారి డయల్ చేస్తుంది. ఏది ముందు, ఏది తర్వాత అన్నదానికి పెద్ద అల్లిక. డేటాబేస్ మారాకే ప్రోగ్రాం మారాలి. ఒకే ఓనరుకి రెండు స్టోరేజీలుంటే రెండోది మొదటిదాని కోసం ఆగాలి. ఒకటి రాస్తుంటే ఇంకోటి ముట్టుకోకుండా తాళాలు. ఇవి చాలవన్నట్టు, అది నడవాలంటే ఇంకెవరో రాసిన చిల్లర సామానంతా ప్రతి సర్వర్‌లోనూ ముందే ఉండాలి, ఆ సామానుకి మళ్ళీ వేరే సామాను. చూసినవాళ్ళు అబ్బో అనేవాళ్ళు. మొదట్లో నేనూ అన్నాను. మొగుడు కదా!

అబ్బో బాగానే ఉంది గానీ పని మాత్రం అయ్యేది కాదు. ప్రతిసారీ కొన్ని స్టోరేజీల లైను మధ్యలో తెగేది. తెగినదాని కోసం ఇంకోటి ఆగేది, దాని కోసం మరొకటి. నాలుగు లైన్ల కబుర్లూ ఒకే తెర మీద కలగాపులగంగా పడేవి. ఎవరు ఎవరి కోసం ఆగారో ఆ బ్రహ్మదేవుడికే తెలియాలి. మా ఆయన ఇంకో తాళం చేర్చేవాడు. అది ఇంకోచోట ఇరుక్కునేది.

జనవరిలో యజమాని గారు మా ఇద్దర్నీ పిలిచారు. "కొత్త కాయ వచ్చేలోపు అన్నిచోట్లా ఎక్కాలయ్యా. స్టోరేజీ వాళ్ళు నా ప్రాణం తోడేస్తున్నారు. ఈసారి కూడా కాలేదనుకో, ఈ సాఫ్ట్‌వేరు గోల ఎత్తేసి ట్రాక్టర్ స్పేర్‌పార్టుల కొట్టు పెట్టుకుంటా." ఉత్త బెదిరింపు కాదది, వాళ్ళ తమ్ముడికి అప్పటికే అలాంటి కొట్టుంది. మా ఇంట్లోకి వచ్చే రెండు జీతాలూ ఆ ఆఫీసువే. ఆ రోజు నుంచి మా ఆయన సరిగ్గా అన్నం తినలేదు. ఆయన్ని చూస్తే నాకు జాలీ వేసేది, ఒళ్ళూ మండేది.

"ఇక్కడ తెర చూస్తూ కూచుంటే ఏం లాభం? అవతల ఏం జరుగుతుందో నేను చూసొస్తా" అని శుక్రవారం పొద్దున్నే బస్సెక్కి చిలకలూరిపేట దారిలోని స్టోరేజీకి వెళ్ళాను. శుక్రవారం యజమాని గారి సెంటిమెంటు. పదింటికి కొబ్బరికాయ కొట్టి ప్రోగ్రాం మొదలుపెట్టించేవారు. అది తన అల్లికలన్నీ సర్దుకోవడానికి అరగంట పట్టేది. ఆ తర్వాతే ఫోన్లు చేసేది.

నేను ఘాటుకి తుమ్ముతూ అక్కడి గుమాస్తా గారి ఎదురుగా కూర్చున్నాను. మోడెం కీచుమంది. ఆ పెద్దాయన నింపాదిగా లేచి, ఫోను తీగ పీకి, చుట్టచుట్టి బల్ల మీద పెట్టి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

"అయ్యయ్యో! అదేం పనండీ?"

"రాహుకాలం కదమ్మా. పన్నెండు దాటాక పెడతా."

"ప్రతిసారీ ఇంతేనా?"

"శుక్రవారం పదిన్నరకి చేస్తే ఇంతే మరి. కొత్తది ఎక్కించుకునేటప్పుడు ఆ మాత్రం చూసుకోవద్దూ? మీ ఇంట్లో క్యాలెండరు లేదా?"

"మరి ఫోను చేసి అడిగితే లైను పోయిందన్నారు!"

"పోయిందిగా" అన్నాడు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అక్కడి నుంచే మిగతా గుమాస్తాలకి ఫోను చేశాను. కొందరికి ఈ పట్టింపులేవీ లేవు. కొందరు మా పెద్దాయన లాగే తీగ పీకేస్తారు. ఒంగోలు దగ్గర ఒకాయనకి రాహుకాలంతో పేచీ లేదు గానీ వర్జ్యం మాత్రం కుదరదు. నెలల తరబడి మేం వెతుకుతున్న తప్పు ఇదీ.

"ఓస్ అంతేనా! మొదలుపెట్టే టైము మార్చేస్తే సరి" అన్నాడు మా ఆయన, నేను ఇంటికొచ్చి చెప్పగానే.

"ఎవరి టైముకి మారుస్తారు? ఒక్కొక్కరిదీ ఒక్కో పట్టింపు. రేపు ఇంకో కారణానికి లైను తెగినా మళ్ళీ ఇదే గోల. ఆ నాలుగు లైన్లూ, తాళాలూ, ఎదురుచూపులూ తీసేద్దామండీ. ఒకరికి ఫోను చేసి, వాళ్ళకి మంచి టైము అడిగి, ఎక్కించి, అయిందని చూసుకున్నాకే ఇంకోదానికి వెళ్దాం. ఆగిందా, ఎక్కడ ఆగిందో చెప్పి ఆగాలి. అంతే."

"అంటే నా ఏడాది కష్టం గంగలో కలిపేస్తావా? ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా?"

"ఆ ఎలుక కోసం కొండ తవ్విందెవరండీ?"

రెండు రోజుల తర్వాత ఆయనే వచ్చి, "నాలుగూ కలిపి చేస్తే ఎంత కలిసొస్తుందా అని చూశా. మహా అయితే ఒక పూట" అన్నాడు. "నువ్వే తియ్యి. నాకు చేతులు రావట్లేదు" అని కుర్చీ ఇచ్చేసి పక్కన నిలబడ్డాడు. తీసేశాను. బయటి సామానులో మాకు నిజంగా కావలసింది కొంచెమే, అది మేమే రాసుకున్నాం. మిగిలిన ప్రోగ్రాం ఎవరైనా పైనుంచి కింది దాకా చదువుకోగలిగేంత చిన్నదైంది.

కొత్త కాయ మిర్చి యార్డుకి వచ్చేలోపు ఆఖరి స్టోరేజీకీ ఎక్కింది. యజమాని గారు మిఠాయిలు తెప్పించారు. "ఇది నా పని కాదండీ, మా ఆవిడది" అని మా ఆయన అందరి ముందూ చెప్పాడు. నాకు ఎంత గర్వంగా అనిపించిందో! యజమాని గారు నా కుర్చీలో కూర్చుని తనే స్వయంగా ఒక సర్వర్‌కి ఎక్కించి చూశారు.

"ఇంతేనా? ఇంత తేలికా?"

"ఇంతేనండీ!" అన్నాను సంబరంగా.

నెల తిరగ్గానే మళ్ళీ ఇద్దర్నీ పిలిచారు. "ఇంత చిన్న పనికి ఇద్దరెందుకు చెప్పండి? అమ్మాయ్, నువ్వేం అనుకోకు. ఏదన్నా అవసరం పడితే ఇంట్లో ఆయనకి చెప్తావుగా."

"చేసిందే ఆమె కదండీ, ఆమెనెలా తీసేస్తారు?" అన్నాడు మా ఆయన.

"పోనీ నువ్వు మానేస్తావా?"

ఆయన తలొంచుకున్నాడు. ఇద్దరిలో ఎవర్ని తీసెయ్యాలా అని ఆలోచించే అవసరం కూడా ఆ యజమానికి పడలేదు, ఎదురుగా నేను ఉన్నానుగా. కష్టపడి సులువు చేసింది నేను, సులువయ్యేసరికి అక్కర్లేకపోయిందీ నేనే.

ఆ వారంలోనే, అన్నం తింటూ మా ఆయన అడిగాడు, కొత్త డేటాబేస్ మార్పు ఒకటి వచ్చింది, దాన్ని ఎక్కడ చేర్చాలని. "ఆఫీసు సంగతులు ఆఫీసులో అడుక్కోండి" అని పప్పు వడ్డించాను. తిని లేచాడు. కొన్నాళ్ళకి మళ్ళీ అడిగాడు. ఈసారి మొహం పీక్కుపోయి ఉంది. కంచం పక్కకి జరిపి, వివరంగా చెప్పాను. చెప్పకపోతే ఆ ఉద్యోగం కూడా పోయేది.