తోక చూసి చదివే బ్రహ్మచారి

బోయిగూడలో ఆ రబ్బరు ముద్రల దుకాణానికి వచ్చినవాళ్లు గల్లాపెట్టె దగ్గరున్న యజమానినే మెచ్చుకునేవారు. చెక్కేది మాత్రం తెర వెనక స్టూలు మీద కూర్చునే బ్రహ్మచారి. "ఈ పనితనం ఇతనిది" అని ముప్పై ఏళ్లలో యజమాని ఒక్కసారీ అనలేదు. బ్రహ్మచారీ అడగలేదు. చెమట ఒకరిది, పేరు ఇంకొకరిది. మనకిది కొత్తా?

ఒకరోజు వసుధ ఆ తెర పక్కనే కూర్చుంది. చిలకలగూడలో ఓ చిన్న ఆసుపత్రి నర్సు. డాక్టరుగారి ముద్ర కోసం వచ్చి, అది అయ్యేలోగా ఫోనులో ఏదో నింపుతోంది. ఈ సాయంత్రంలోగా రెన్యువల్ చేసుకోకపోతే నర్సుగా ఆమె రిజిస్ట్రేషన్ రద్దవుతుందని పొద్దున నర్సింగ్ కౌన్సిల్ పేరుతో ఓ మెసేజ్, అందులో లింకు వచ్చాయి. అది పోతే ఉద్యోగమూ పోయినట్టే. ఆ లింకులోని ఫారం నింపుతూ మాటిమాటికీ టైము చూసుకుంటోంది.

"ఏంది బిడ్డా, గంత పరేషాన్?" తెర తొలగించి అడిగాడు బ్రహ్మచారి.

"ఆధార్ గిట్ల అన్నీ నింపిన కాకా. సబ్మిట్ కొడితే అయిపోతది."

"జెర ఆగు. ఇటియ్యి."

ముద్ర మీద అక్షరాలను తిరగేసి చెక్కాలి. అందుకే బ్రహ్మచారి కన్ను ఏ వరుసనైనా కుడి నుంచి ఎడమకే నడుస్తుంది. వెబ్‌సైట్ చిరునామానూ చివర నుంచే పట్టుకున్నాడు.

"ముందట మీ కౌన్సిల్ పేరు మంచిగనే ఉన్నది. గని తోక చూసినవా? వాళ్ల ముద్ర నేనే చెక్కిన, దాని మీద వెబ్‌సైట్ పేరు సుత ఉండె. ఆఖరుకు 'గవ్ డాట్ ఇన్' ఉంటది. గిక్కడ 'రెన్యువల్ సేవ డాట్ కామ్' అని ఉంది. వేరేటోని ఇంటికి మీ బోర్డు తగిలించిండ్రు."

"అయ్యో! నేను మొదలు చూసి నమ్మిన కాకా."

"చదువుకున్నోళ్లు గంతే. మొఖం చూసి మురుస్తరు."

వసుధ కౌన్సిల్‌కు ఫోన్ చేసింది. ఆ మెసేజ్ వాళ్లది కాదు. ఆమె గడువు ఇంకా నాలుగు నెలలుంది. బ్రహ్మచారి చేతులు పట్టుకుని కళ్లకద్దుకుంది.

మర్నాడు ఆయన్ను ఆసుపత్రికి తీసుకెళ్లి, పన్నెండుమంది నర్సుల ముందు కుర్చీ వేసింది. "నా ఉద్యోగం నిలబెట్టింది ఈ కాకనే. వెనకనుంచి చదువుడు మీకు సుత నేర్పిస్తడు" అంది. ఆయన సిగ్గుపడుతూనే నేర్పాడు.

మీరూ నేర్చుకోండి. మెసేజ్‌లో వచ్చిన లింకు నొక్కకండి. చిరునామాలో మొదటి 'https://' దాటాక, పేరు ముగిసి ఏటవాలు గీత (/) వచ్చే చోటు నుంచి వెనక్కి చదవండి; ప్రభుత్వానిదైతే అక్కడ సాధారణంగా 'gov.in' ఉంటుంది. మోసమనిపిస్తే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేసి చెప్పండి. ఈరోజే మీ ఇంట్లో ఒక్కరికైనా ఇది నేర్పండి.